పిట్టకు పెట్టిన నూడుల్స్

నవంబరు 3

గ్యాస్ కట్టేశానా లేదా అని ఇప్పటికే రెండుసార్లు లేచి చూశాను. కట్టే ఉంది. ఇంకోసారి లేవకూడదనుకుని ఇది రాస్తున్నాను.

పొద్దున ఉదయ ఆఫీసుకి వెళ్తూ, గుమ్మంలో చెప్పుల్లో కాళ్లు పెడుతూ అంది, "అమ్మా, వచ్చే నెలకి నీ ఉత్తరాలు మొదలుపెట్టి ఏడాది. వెనక్కి తిరిగి చూసుకుని ఒకటి రాయి. అందరూ రాస్తారు అలా" అని. సరే అన్నాను. కూతురు దగ్గర ఉంటున్నదాన్ని, ఏం చెప్పినా సరే అనడం అలవాటైపోయింది.

ఏం చూసుకోను వెనక్కి? పోయిన చలికాలంలో ఆ ఆడవాళ్ల సైటు వాళ్లు, ఇక మీ వంటలు అక్కర్లేదమ్మా, ఇప్పుడు కంప్యూటరే రాసిపెడుతోంది అని ఫోన్లో చెప్పేశారు. అన్నం సహించలేదు ఆ వారమంతా. అప్పుడు ఉదయే ధైర్యం చెప్పింది. నీ సొంతంగా కాగితం మీద రాసుకో, వారానికొకటి, గురువారం గురువారం నేను టైపు చేసి అందరి ఫోన్లకీ పంపిస్తాను, నచ్చినవాళ్లు చందా కడతారు అంది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. సొంతంగా అన్న మాట వింటేనే భయం వేసింది. ఇప్పటికీ వేస్తుంది. గురువారం పొద్దున పంపాక సాయంత్రం దాకా ఫోను బోర్లా పెట్టి ఉంచుతాను.

పనసపొట్టు కూర రాశాను. మా తణుకు వైపు ఆవపెట్టి ఎలా చేస్తారో రాశాను. మాదాపూర్ హాస్టళ్ల ముందు పిల్లలు బ్యాగులు భుజానే ఉంచుకుని నిలబడి తినే ఇడ్లీల గురించి రాశాను. సర్వపిండి నేర్చుకుని రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. "కొలతలు పెట్టండి ఆంటీ" అని అడిగినవాళ్లు తప్ప.

పట్టించుకున్నది ఒక్కటే. సత్తెమ్మ కొడుకు గురించి రాసినది.

దాని సంగతి తర్వాత.

నవంబరు 4

రాయలేదు. నడుము.

నవంబరు 6

సత్తెమ్మ ఇవాళ కూడా అడిగింది. మా అపార్ట్‌మెంటు కారిడార్లు ఊడవడం అయ్యాక మా గుమ్మం దగ్గరికొచ్చి టీ తాగుతుంది. లోపలికి రమ్మంటే రాదు, గడపకి ఆనుకుని కూర్చుంటుంది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపే మేమిద్దరం లోకంలో ఉన్న రోగాలన్నీ చెప్పేసుకుంటాం.

"రాజమ్మా, జర గది సదువు."

"ఎన్నిసార్లు చదవమంటావే?"

"సదువు తియ్యి. నా కొడుకును మల్ల సూసినట్టయితది."

కళ్లజోడు పెట్టుకుని ఫోను తీశాను. ఆగస్టులో వాళ్ల చిన్నవాడు భాస్కర్ పోయాడు. క్యాబ్ నడిపేవాడు. వానలో బండి తిరగబడింది. పదో రోజు పిట్టకు పెడుతున్నాం రమ్మని సత్తెమ్మ కబురు చేస్తే వెళ్లాను. మా వైపు పిండం పెట్టి కాకి కోసం చూసినట్టే వీళ్లూ చూస్తారు. కాకపోతే పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెడతారు. సత్తెమ్మ తెల్లవారకముందే లేచి మటన్ వండింది, గుడ్లు ఉడకబెట్టింది, బగారన్నం చేసింది, కల్లు తెప్పించింది. అంతా విస్తట్లో పెట్టి వాళ్ల ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఉంచి దూరంగా నిలబడ్డాం. అటు పక్క టవరు కడుతున్నారు. కాకుల కంటే ముందు పావురాలు దిగాయి. సత్తెమ్మ మరిది పోచయ్య తువ్వాలు విసురుతూ వాటిని తోలడమే సరిపోయింది. కాకి ఒకటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది గానీ దిగలేదు. ఎంతసేపటికీ దిగలేదు. ఏడుపులు పెరిగాయి. అప్పుడు భాస్కర్ పెళ్లాం రేణుక గబగబా వెళ్లి రోడ్డు మీద బండి దగ్గర ఎగ్ నూడుల్స్ కట్టించుకొచ్చింది. డ్యూటీ దిగి రోజూ అవే తినేవాడట. డబ్బా మూత తీయగానే కాకి వచ్చి వాలింది.

నేను రాసింది అదే. పల్లె నుంచి వచ్చిన అమ్మ చేతి మాంసం వద్దని, పట్నం మప్పిన రుచి కోసం వచ్చాడు ఆ పిల్లవాడు అని రాశాను. పేర్లు పెట్టలేదు. అయినా మాదాపూర్ అంతా తిరిగింది. ఫోన్ నుంచి ఫోన్‌కి. ఎవరెవరో ఏడ్చామని రాశారు.

"మూత తియ్యంగనే కాకొచ్చింది అన్న ముక్క మల్ల సదువు" అంది సత్తెమ్మ.

మళ్లీ చదివాను.

"ఆఁ. నూడిల్స్ కోసమే అచ్చిండు నా కొడుకు. గంతే" అని కొంగు దులుపుకుని లేచింది. "మా పెద్దోడు అజయ్ సుత విన్నడు. ఆ అమ్మ మస్తు రాసింది అన్నడు. ఫోన్ల దాసిపెట్టుకున్నడు."

ఎంత సంతోషం వేసిందో. తల్లే మెచ్చుకుంటే ఇక ఎవరి మెప్పు కావాలి.

ఏడాది ఉత్తరంలో దీన్నే మళ్లీ వేద్దాం అంటోంది ఉదయ.

నవంబరు 9

ఈ వారం ఇంకొంతమంది చందా మానేశారు. ఉదయ చెప్పలేదు. నేనే చూశాను. చూసినట్టు చెప్పలేదు.

నవంబరు 12

బీపీ మాత్ర వేసుకుని రాస్తున్నాను.

మధ్యాహ్నం బెల్లు మోగితే కొరియరేమో అనుకుని గొలుసు తీయకుండానే చూశాను. రేణుక. రాయదుర్గం దగ్గర ఏదో టవర్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది, ఆ బట్టల్లోనే వచ్చింది. మెడలో కార్డు. మనిషి సగమైపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట అడగొచ్చునా?"

"అడగమ్మా."

"అత్తమ్మ అన్న మాట ఎందుకు రాయలేదు మీరు?"

"ఏ మాట?"

"మీకు యాదికున్నది. మీరు నా పక్కకే నిలబడ్డరు."

నాకు గుర్తుంది. గుర్తు లేదన్నట్టు మొహం పెట్టాను. ఆ పిల్ల నా మొహం వంక చూస్తూ, తొణక్కుండా చెప్పింది. కాకి దిగనప్పుడు పోచయ్య, "మనసుల ఏమో ఉన్నదే వానికి, మాటియ్యుండ్రి" అన్నాడు. సత్తెమ్మ విస్తరి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడి, "నీ అర్ర నీ పెండ్లానిదే కొడుకా. దాన్ని, నీ పిల్లను ఎన్నడు ఎల్లగొట్ట. వచ్చి తిను బిడ్డా" అంది. అర్ర అంటే వాళ్లుండే గది. అందరూ విన్నారు. ఆ తర్వాతే కాకి దిగింది.

"ఇప్పుడు మా అజయ్ బావ ఇల్లు కూలగొట్టి హాస్టల్ కడ్తడట" అంది రేణుక. "ఆ గల్లీల అందరు కట్టుకున్నరు, మనమే రేకుల కింద ఉన్నం అంటడు. కట్టుకోనియ్యి, నేను కాదన్ననా? నా అర్ర నాకు సూపెట్టుమన్న. మాటిచ్చిండ్రు కదా అంటే ఏమంటున్నరో ఎరుకనా అమ్మా? కాకి మాటకు రాలేదంట. నూడుల్స్‌కు వచ్చిందంట. కడుపు నిండింది, పోయిండు, ఇగ మాట లేదు ఏం లేదంట. సూడు, అమ్మ కూడ గట్లనే రాసింది అని ఫోన్ తీసి అందరికి వినిపిస్తున్నడు."

ముందు మజ్జిగ తాగమ్మా అన్నాను.

"మా పాపను తీస్కొని ఏడికి పోవాలె? నాకు కిరాయిలు కట్టే తాకత్ లేదు. మీరు జర నిజం రాయుండ్రి."

మజ్జిగ అలాగే బల్ల మీద పెట్టి, డ్యూటీకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

నవంబరు 13

నేను రాసేది తిండి గురించి. ఇళ్ల తగాదాలు రాయడానికి నేనెవర్ని? ఏ కూరలో ఏం వేస్తారు, ఎవరు ఏది ఇష్టంగా తింటారు, అంతవరకే నాకు తెలుసు. ఆ తల్లి ఏడుస్తూ ఏదో అంటుంది. ఏడుపులో అన్నవన్నీ రాస్తామా?

ఇది పొద్దున రాశాను. సాయంత్రం చదువుకుంటే నచ్చలేదు. కొట్టేయలేదు, ఉండనీ.

మా ఆయన పోయినప్పుడు తణుకులో కాకి రాలేదు. ఎండలో అలా నిలబడే ఉన్నాం. అప్పుడు మా బావగారు వచ్చి, "ఉదయని నేను చదివిస్తానురా, నీకు దిగులొద్దు" అని గట్టిగా అన్నారు. అప్పుడు వాలింది. ఆ మాట కోసమే ఆయన తన కొడుకు చదువు మాన్పించి మరీ ఉదయకి ఫీజు కట్టారు. కాకి ముందు అన్న మాట ఏమిటో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? విని, గుర్తుంచుకుని, ఇంటికొచ్చి, అది వదిలేసి నూడుల్స్ గురించి రాశాను. నూడుల్స్ కొత్తగా ఉన్నాయని. మాట పెడితే ఎప్పుడూ ఉండే కథలా ఉంటుందని.

సైటులో ఉన్నప్పుడు యజ్ఞనారాయణ గారని ఒకాయన నేను రాసినవి చూసేవారు. పెద్ద చాదస్తం. "ఎవరన్నారమ్మా ఇది? మీరు చూశారా? ముందు పోపా, ముందు నీళ్లా?" అని ప్రతిదానికీ ఫోన్ చేసేవారు. ఆయన ఫోను వస్తే విసుగు. సొంతంగా రాయడం మొదలుపెట్టాక ఆ పీడ వదిలింది అనుకున్నాను. ఏడాది పాటు ఎవరూ ఏమీ అడగలేదు.

నవంబరు 14

రేణుక మళ్లీ వస్తుందేమోనని బెల్లు మోగితే భయంగా ఉంది. రాలేదు.

నవంబరు 16

ఉదయకి చెప్పాను. అల్లుడు టీవీ ముందు ఉన్నాడు, అతనికి వినపడకూడదని వంటింట్లో చెప్పాను. ఉదయ గిన్నె తోముతున్నది ఆపేసింది.

"అమ్మా, చట్టం ప్రకారం ఆ పిల్లకి, పాపకి హక్కు ఉంటుంది. కోర్టుకి వెళ్లొచ్చు."

"ఎవరు తిప్పుతారే కోర్టుకి? పొద్దున్నే డ్యూటీకి వెళ్లే పిల్ల."

"అయితే నువ్వు తప్పు దిద్దుకుంటూ ఇంకోటి రాయి."

"దిద్దితే?"

"దిద్దితే ఏముంది... అది నీకున్న ఒక్కటే మంచి పీసు. అబద్ధం కలిపానని నువ్వే చెప్తే మిగతావి కూడా ఎవరూ నమ్మరు." మళ్లీ గిన్నె అందుకుని అంది, "నేను కూడా పది మందికి పంపానమ్మా. మా టీం లీడు ఏడ్చింది అది చదివి."

అబద్ధం అన్న మాట ఉదయ నోటి నుంచి వచ్చింది. నేను ఇంతవరకూ రాయలేదు ఆ మాట.

నవంబరు 20

సత్తెమ్మతో మాట్లాడాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక టీలో రెండోసారి చక్కెర వేశాను. ఆమెకి అసలే షుగరు.

"ఏందే, నన్ను దవాఖాన్ల పడేస్తవా?" అని నవ్వింది.

"రేణుక వచ్చింది" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"ఏం జెప్పింది?"

"నువ్వన్న మాట చెప్పింది."

"నేనేమన్న?"

"సత్తెమ్మా, నేనూ విన్నాను."

మెల్లగా, ఎవరో వింటున్నట్టు కారిడార్ వైపు చూస్తూ అంది. "విన్నవా? మరి రాయకపోతివి. నువ్వు రాయలేదంటే అది లెక్కల లేనట్టే అనుకున్న నేను. సదువుకున్నదానివి కదా."

"నేనా? ఐదో తరగతి!"

"నాకంటె ఐదు ఎక్కువే కదనే."

నవ్వు రాలేదు ఇద్దరికీ.

"రాజమ్మా, నీకు బిడ్డ ఉన్నది. నాకు ఒక్కడే మిగిలిండు. రేపు నా నోట్ల నీళ్లు పోసేది ఎవ్వడు? రేణుకనా? దానికి ఇరవై ఆరేండ్లు. ఇయ్యాల కాకుంటె రేపు ఎవన్నో చేసుకొని పోతది. అజయ్ గాడు నాతోని మాట బంద్ పెట్టిండు, నువ్వు ఆ అర్ర ఇస్తనన్నవు కదా, ఆడనే ఉండు, ఆమెనే సూసుకుంటది అన్నడు. గప్పుడు నీ కథ వినపడ్డది. దేవుడే నీతోని రాయించిండు అనుకున్న. మాట తప్పలేదు నేను. నా కొడుకు మాటకు రానే రాలేదు. గట్ల అనుకుంటేనే నాకు నిద్ర పడ్తున్నది."

"మరి ఆ రోజు..."

"ఇగ నన్ను అడగకు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు దిద్ది రాస్తే నేను రెండుసార్లు సచ్చినట్టు. చెప్తున్న."

ఎదురుగా ఉన్నది రాక్షసి అయితే తిట్టేసి వచ్చేదాన్ని. నాకు తెలిసినంతగా ఈమె భయం ఇంకెవరికి తెలుసు? ఉదయ ఏదైనా అంటే నేను సరే అంటాను కదా. అజయ్ ఏదైనా అంటే ఆమె సరే అంటోంది.

ఆదివారం వాళ్లింటి దగ్గర పెద్దమనుషులు కూర్చుంటున్నారట. రేణుకే పిలిపించిందట.

నవంబరు 21

వెళ్లను.

నవంబరు 22

వెళ్లి ఏం చెప్తాను? కాకి దిగేటప్పుడు నేను కాకిని చూడలేదు. రేణుక చేతుల వంక చూస్తున్నాను. డబ్బా మూత తీస్తే ఆవిరి వస్తుందా లేదా అని చూస్తున్నాను. రాయడానికి పనికొస్తుందని. తలెత్తేసరికి కాకి విస్తట్లో ఉంది. మాట అయిపోయి ఎంతసేపయిందో, మూత తీసి ఎంతసేపయిందో నాకు తెలియదు. "తీయగానే వాలింది" అని రాశాను. చదవడానికి బాగుందని రాశాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. రేణుకకి కూడా.

నవంబరు 23, ఆదివారం

వెళ్లాను.

వీధిలోకి ఆటో రాలేదు, ఇసుక పోసి ఉంది. రెండు వైపులా ఐదంతస్తుల హాస్టళ్లు, బాల్కనీల నిండా ఆడపిల్లల చున్నీలు. మధ్యలో వీళ్ల రేకుల ఇల్లు ఒక్కటే. ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పోచయ్య మధ్యలో కూర్చున్నాడు. సత్తెమ్మ గుమ్మంలో, నా వైపు చూడకుండా. రేణుక పాపని ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది.

"రా అమ్మా, కూసో" అని అజయ్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. నీళ్లు తెప్పించాడు. అతను మర్యాద తప్పలేదు, అది కూడా రాయాలి.

పోచయ్య అడిగాడు. "అమ్మా, మీరు ఆనాడు ఉన్నరు. మా వదినె మాటిచ్చిందా లేదా?"

"ఇచ్చింది. విన్నాను."

గుంపులో గుసగుస. రేణుక తలెత్తింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"మరి కాకి మాటకొచ్చిందా, నూడుల్స్‌కొచ్చిందా?"

"మాటకే" అన్నాను.

"సూసినవా అమ్మా? నీ కండ్లతోని?"

సూసినవా అని అడిగాడు. చూశానని అనేస్తే అయిపోయేది. అది కూడా చెప్పలేకపోయాను. "మాట అన్నాకనే నూడుల్స్ వచ్చాయి కదా..." అన్నాను. "మాట ముందు. అది మాత్రం నిజం."

అజయ్ ఫోను తీశాడు. నేను రాసినది ఎవరో ఆడపిల్ల గొంతుతో చదివించి పెట్టుకున్నాడు. అందరూ విన్నారు. మటన్, బగారన్నం, పావురాలు, పోచయ్య తువ్వాలు. జనం నవ్వారు పోచయ్య తువ్వాలు దగ్గర. డబ్బా మూత తీయగానే కాకి వచ్చి వాలింది.

"ఇది మీరే రాసిండ్రా అమ్మా?"

"నేనే."

"మరి?"

"అది... చదవడానికి అందంగా ఉంటుందని అలా రాశాను నాయనా. అలా జరిగిందని నాకు తెలియదు."

"అందం కోసమా." అజయ్ గొంతు పెంచలేదు. "మరి ఇప్పుడు చెప్పేది? గది గూడ అందం కోసమేనా?"

అందరూ నవ్వారు. పోచయ్య కూడా నవ్వాడు. నేను కూడా నవ్వానేమో, మొహం అలా అయిపోయింది.

పోచయ్య సత్తెమ్మ వైపు తిరిగాడు. "వదినె, నువ్వు చెప్పు. ఇయ్యాల్టికి ఆ మాట ఉన్నదా?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కొడుకు పోయిన దుఃఖంల నేనేమన్ననో నాకే యాది లేదు. అమ్మ రాసిందే కరెక్టు."

అమ్మ రాసిందే కరెక్టు.

రేణుక ఏడవలేదు. పాప జుట్టు సరిచేస్తూ ఉండిపోయింది. ఆమెకి ఎంతో కొంత డబ్బు ఇప్పిస్తామని, ఇల్లు కూల్చేలోపు వేరే చోటు చూసుకోవాలని తేల్చారు. కుర్చీలు తీసేశారు.

నవంబరు 24

మంచం దిగలేదు. ఉదయ సెలవు పెట్టి నా దగ్గర కూర్చుంది.

నవంబరు 27

గురువారం. ఉత్తరం పంపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

డిసెంబరు 2

రేణుకకి మాదాపూర్లో ఒక లేడీస్ హాస్టల్లో వంటమనిషిగా దొరికిందట, ఉండడానికి చోటు కూడా ఇస్తారట. పిల్లల్ని ఉంచనివ్వరట. పాపని మెదక్ వైపు వాళ్లమ్మ దగ్గర వదిలి రావాలి. వాచ్‌మన్ భార్య చెప్పింది.

మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. అల్లుడు ఇంట్లోంచి పని చేసేటప్పుడు అందులో కూర్చుంటాడు. కొన్నాళ్లు తల్లీబిడ్డల్ని ఉంచుకుందామా అని ఉదయని అడగాలనుకున్నాను. పొద్దున అడుగుదామనుకున్నాను, ఆఫీసు హడావిడిలో ఉంది. సాయంత్రం తలనొప్పి అంది. అల్లుడికి కోపం వస్తుందేమో. నన్నే బరువు అనుకుంటున్నారేమో, ఇంకొకళ్లని ఎలా అడగను.

డిసెంబరు 3

అడగలేదు.

డిసెంబరు 5

ఏడాది ఉత్తరం రాసేశాను. ఒక్క ఊపున. పాతదాన్ని ఉదయతో తీయించేశాను. తీస్తే మాత్రం ఏం, అజయ్ ఫోన్లో ఉంది, ఎవరెవరి ఫోన్లలోనో ఉంది. కొత్తదాంట్లో అంతా చెప్పాను. సత్తెమ్మ అన్న మాట, నేను వదిలేయడం, కాకిని చూడకపోవడం, పోచయ్య అడిగిన ప్రశ్న. అలంకారం ఒక్కటీ లేదు. ఉదయ రెండుసార్లు చదివింది. గురువారం పంపుదాం అంది. ఏడాదిలో మొదటిసారి రాసినదాని గురించి భయం వేయలేదు.

డిసెంబరు 7, ఆదివారం

రేణుక ఇవాళ పాపని తీసుకెళ్తోందని తెలిసి రాయదుర్గం మెట్రో దగ్గరికి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాను. మెట్లు కదులుతుంటే కాలు పెట్టలేక లిఫ్టు కోసం నిలబడ్డాను. వాళ్లు వెళ్లిపోతారేమోనని భయం. పైన టికెట్ల దగ్గర దొరికారు. చేతిలో రెండు సంచులు. పాప కొత్త స్వెట్టర్ వేసుకుని ఉంది, ఊరికి వెళ్తున్నామని సంబరంగా ఉంది.

"ఎందుకొచ్చిండ్రమ్మా ఇంత దూరం?"

అరిసెలు ఇచ్చాను పాపకి. తర్వాత చెప్పాను. పాతది తీసేశానని. కొత్తది రాశానని, నిజమంతా ఉందని, గురువారం అందరికీ వెళ్తుందని. ఇది చూస్తే పోచయ్య కూడా మళ్లీ ఆలోచిస్తాడేమో అన్నాను. నా మాట నాకే ఎలాగో వినిపించింది.

రేణుక సంచి కింద పెట్టింది.

"అండ్ల నా పేరున్నదా?"

"లేదమ్మా. పేరు పెట్టలేదు."

"నూడుల్స్ ఉన్నయా?"

"...ఉన్నాయి."

"కాకి?"

"ఉంది."

"గట్లయితే నేనున్నట్టే." కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. "మా గల్లీల మూడు నెలల సంది నేను పోతుంటె గదో నూడుల్స్‌ది పోతున్నది అంటున్నరు. టవర్ల నాతోని పని చేసేటోళ్లు కూడ అంటరు. మల్ల ఇంకొకటి రాస్తె మల్ల సదువుతరు. అయ్యో పాపం అంటరు. మా అత్తను తిడ్తరు. పెద్దమనుషులు మల్ల కూసుంటరా? కూసోరు. వద్దమ్మా."

"కానీ నిజం..."

"మీరు నా గురించి రాయకుండ్రి. మంచిగ రాసినా వద్దు, చెడ్డగ రాసినా వద్దు. ఇగ నేను మీ కథల ఉండ. గంతే."

"సరే" అన్నాను. ఉదయకి అన్నట్టే.

అప్పుడైనా, ఆ గది ఖాళీగా ఉంది, వెళ్లకు అని అనొచ్చు. మాట నోటి దాకా వచ్చింది. ఉదయని అడగలేదు కదా అనుకున్నాను. రేణుక కార్డు ఆనించింది, గేటు తెరుచుకుంది, పాపని ముందు తోసి తను వెళ్లింది. పాప వెనక్కి తిరిగి చెయ్యూపింది. అరిసె ఉన్న చెయ్యి.

తిరిగొచ్చేటప్పుడు లిఫ్టు వద్దనుకుని మామూలు మెట్లు దిగాను. మధ్యలో కూర్చోవలసి వచ్చింది. ఎవరో పిల్లవాళ్లు మెడలో కార్డులు వేలాడేసుకుని, "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అని అడిగి వెళ్లారు.

డిసెంబరు 9

ఉదయ అడిగింది, గురువారం ఏం పంపుదాం అని. రాసిన ఉత్తరం చింపేశానని చెప్పాను. నిజానికి చింపలేదు. రేపు చింపుతాను.

డిసెంబరు 11

చింపాను.

ఏడాది ఉత్తరం పంపాం. చింతకాయ తొక్కు గురించి రాశాను. కాయ పుల్లగా ఉన్నప్పుడు ఎలా దంచాలి, ఉప్పు ఎంత, ఎంతకాలం నిలవ ఉంటుంది. ఏడాది పాటు చదివినందుకు నమస్కారాలు అని చివర రాశాను. ఇందులో మనుషులెవరూ లేరు. కొలతలు ఉన్నాయని చాలామంది సంతోషించారు.

సత్తెమ్మ పొద్దున కారిడార్ ఊడుస్తూ మా గుమ్మం దాటి వెళ్లిపోయింది. చీపురు శబ్దం దగ్గరికొచ్చి దూరమైంది. టీ పెట్టి ఉంచాను. నేను తలుపు తీయలేదు, ఆమె కొట్టలేదు.

సాయంత్రం ఫోను తిప్పి చూశాను. ఎవరో ఒకావిడ, ఎప్పుడూ ఏమీ రాయని ఆవిడ, ఒక మెసేజ్ పెట్టింది. "అమ్మా, మీ కాకి కథ వెతికితే ఇప్పుడు కనిపించడం లేదు. అందులో ఆ అబ్బాయి భార్య ఉంది కదా, నూడుల్స్ తెచ్చిన అమ్మాయి. ఆమె నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎలా ఉంది ఇప్పుడు?"

ఏడాదిలో ఇలాంటి ప్రశ్న అడిగింది ఈవిడ ఒక్కతే.

రాయనని మాట ఇచ్చాను. ఊరుకుంటే బాగోదు. ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని, "బాగుందమ్మా" అని కొట్టాను.

పంపాను.